గెలిచాక ఎదురింటి తలుపు ఎలా కొట్టాలి?

కొమ్మాది సెక్రటరీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది విశాఖలో కొమ్మాది వైపు అపార్ట్‌మెంట్. రెండు బ్లాకులు, 64 ఫ్లాట్లు, అందరికీ కలిపి ఒకటే సంప్. పోయిన ఆదివారం మా సంఘానికి ఎన్నికలు జరిగాయి. ఇన్నేళ్లూ ఎన్నికలంటే సెల్లార్‌లో కుర్చీలు వేసుకుని "మీరే కానివ్వండి" అనడమే. ఈసారి నిజంగానే రెండు ప్యానెళ్లు, బ్యాలెట్ పేపర్లు, స్వీట్ల అట్టపెట్టెకి పైన చీలిక పెట్టి చేసిన బ్యాలెట్ బాక్సు. ఫ్లాటుకో ఓటు. సెక్రటరీ పోస్టుకి నాకు 31 పడ్డాయి, అవతల నిలబడ్డాయనకి 27.

ఆ నిలబడ్డాయన మా ఎదురింటి బాబాయ్ గారే. పోర్టులో చేసి రిటైరయ్యారు. ఆరేళ్లుగా ఆయనే సెక్రటరీ. అర్ధరాత్రి లిఫ్ట్ ఆగిపోయినా లుంగీ మీదే టార్చి పట్టుకుని దిగేవారు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పిన్ని గారు రెండు పూటలా క్యారేజీ పంపారు. నేను ఆయన మీద కోపంతో నిలబడలేదు. ఆయన లెక్కలన్నీ నోటు పుస్తకంలో రాస్తారు, ఎవరైనా అడిగితే "ఇంటికి రండి, చూపిస్తా" అంటారు. నెలనెలా నోటీసు బోర్డులో పెట్టమని కొందరం అడిగాం. అక్కడ మొదలైంది. ప్రచారం వేడెక్కాక మా ప్యానెల్‌లో ఒకాయన గ్రూపులో "ట్యాంకర్ల డబ్బులు ఎటు పోయాయో ఎవరైనా చెబుతారా?" అని పెట్టాడు. బాబాయ్ గారు డబ్బు తిన్నారని మాలో ఎవరూ అనుకోలేదు. కానీ ఆ మాట చదివితే అలాగే ఉంది కదా.

ఫలితం రోజు సాయంత్రం మావాళ్లు గేటు ముందు పదివేల వాలా కాల్చారు. గాలి పోతున్న బెలూన్ వీడియో ఒకటి గ్రూపులోకి వచ్చింది. ఫోన్ చేసి తీయించాను. అప్పటికే అందరూ చూసేశారు.

మర్నాడు పులిహోర చేసి ఎప్పట్లాగే ఓ గిన్నెడు ఎదురింటికి పంపాను. సాయంత్రానికి గిన్నె వచ్చింది, శుభ్రంగా తోమి, తుడిచి, ఖాళీగా. మన ఇళ్లలో గిన్నె ఖాళీగా తిరిగిరాదని మీకు చెప్పక్కర్లేదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తారు. పిన్ని గారు అయితే జంతికలో, పెరటి కరివేపాకో, ఏదో ఒకటి లేకుండా పంపిన మనిషి కాదు. నిన్న లిఫ్ట్ దగ్గర బాబాయ్ గారు ఎదురయ్యారు. "నువ్వెళ్లమ్మా" అని మెట్లెక్కి వెళ్లిపోయారు. నాలుగో ఫ్లోరు, మోకాళ్ల నొప్పులు.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, మోటారు గది తాళాలు, ట్యాంకర్ వాళ్ల నంబర్లు, చెక్కు బుక్కు, రిజిస్టర్లు అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. బ్యాంకులో సంతకం మార్చాలన్నా ఆయన రావాలి. మా ఆయన "నెల్రోజులు వదిలెయ్, అదే సర్దుకుంటుంది" అంటున్నారు. మా కొత్త ప్రెసిడెంటు గారేమో ఆదివారం సెల్లార్‌లో మైకు పెట్టి, ఆయనకి శాలువా కప్పి, బొకే ఇచ్చి సన్మానం చేద్దామంటున్నారు. నాకెందుకో ఆ శాలువా సంగతి మింగుడుపడటం లేదు. ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు?


రిటైర్డ్ కోక్ ఓవెన్:

అమ్మా, శాలువా వద్దు. నీ మనసు సరిగ్గానే చెప్పింది.

ఓడిన మనిషిని వారం తిరక్కుండా నలుగురిలో కూర్చోబెట్టి, మైకులో "వారి సేవలు మరువలేనివి" అంటుంటే ఆయన ఎటు చూడాలి? నవ్వాలా? నవ్వకపోతే "చూశావా, ఎంత కోపమో" అంటారు. నవ్వితే నీ గెలుపుకి ఆయనతో చప్పట్లు కొట్టించినట్టు. టపాసులతో ఒక ఊరేగింపు అయింది. ఇది రెండోది, మర్యాదగా తీసేది.

నేను స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో, అంటే బొగ్గుని కాల్చి కోక్ చేసే పొయ్యిల దగ్గర చేశాను. మా దగ్గర గుర్తింపు యూనియన్ (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడేది) ఎన్నికలంటే అసెంబ్లీ ఎన్నికలు ఎందుకూ పనికిరావు. గేటు మీటింగులు, జెండాలు, పాటలు, తిట్లతో నిండిన కరపత్రాలు. రహస్య బ్యాలెట్. లెక్కింపు అయిన రాత్రి ఒకరికి గుర్తింపు వస్తుంది, ఒకరికి పోతుంది. ఆ ఇద్దరి మనుషులకీ సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ ఉంటుంది. మా ఓవెన్లు ఏడు మీటర్ల ఎత్తు. ఇటు కోక్‌ని బయటికి తోసే పుషర్ కారు, అటు కోక్ పడే వైపు ఇంకో కారు. అటునుంచి సరేనని కబురు రాకుండా ఇటు పుషర్ కదలకూడదు. అటు ఉన్నవాడు పొద్దున మన నాయకుణ్ణి తిట్టినవాడే అయ్యుంటాడు. అయినా వాడి మాట నమ్మే తోస్తాం. నమ్మకపోతే మంట మన మొహం మీదికే వస్తుంది.

అలాగని మేం దేవుళ్లమని కాదు. నెలలకొద్దీ క్యాంటీన్‌లో వేరే బల్లల మీద కూర్చున్న రోజులున్నాయి. కానీ పని దగ్గర మాట ఆగేది కాదు. పని గురించి మాట్లాడి మాట్లాడి, ఓ రోజు పిల్లల చదువుల గురించి కూడా మాట్లాడేవాళ్లం. అంతే, అక్కడ ఎవరూ ఎవరితోనూ రాజీ కుదుర్చుకోలేదు.

2021 జనవరి 27న ప్లాంటులో వంద శాతం వాటా అమ్మడానికి కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పటిదాకా ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్న సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ యూనియన్ల వాళ్లూ, మిగతావాళ్లూ పోరాట కమిటీగా ఏర్పడి కూర్మన్నపాలెంలో ఒకే టెంటు కింద కూర్చున్నారు. ఆ కుర్చీల్లో కూర్చునే ముందు ఎవరూ ఎవరికీ క్షమాపణలు చెప్పుకోలేదు. పని పడింది, కూర్చున్నారు.

నీకూ పని ఉంది. వచ్చేది ఎండాకాలం, సంప్ ఉంది, మోటార్లు ఉన్నాయి. ప్రెసిడెంటునీ గిసిడెంటునీ వెంటేసుకోకుండా ఒక్కదానివే వెళ్లు. స్వీట్లు పట్టుకెళ్లకు, పుస్తకం పెన్ను పట్టుకెళ్లు. "బాబాయ్ గారూ, ట్యాంకరుకి ఎన్నింటికి ఫోన్ చేస్తే వస్తాడు? ఎవరైతే సరిగ్గా నింపుతాడు?" అని అడుగు. చెప్పింది రాసుకో. "పాతవి మనసులో పెట్టుకోకండి" అని మాత్రం అనకు. పెట్టుకోవాలో వద్దో ఆయనిష్టం.


పోలింగ్ డ్యూటీ టీచర్:

పెద్దాయన చెప్పింది నిజం. నేను చూసిన ఒక సంగతి కలుపుతాను.

గవర్నమెంటు స్కూలు టీచర్ని కాబట్టి ఎన్నికలొస్తే డ్యూటీ తప్పదు. 2024 మే 13న తెల్లవారుజామున అయిదున్నరకి మాక్ పోల్ మొదలెట్టాం. పోలింగు ఏడింటికి కాబట్టి గంటన్నర ముందే ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, మిషన్ మళ్లీ ఖాళీ చేసి, సీలు వేయాలి. మా బూతులో ఏజెంట్లు ఒకే బెంచీ మీద భుజాలు తగిలేలా కూర్చున్నారు. మెడలో కార్డులు చూస్తే తప్ప ఎవరు ఎవరి మనిషో తెలీదు. ఒక పెద్దాయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. పక్కనున్న కుర్రాడు, అవతలి పార్టీవాడు, రోజంతా ఆయనకి సీరియల్ నంబర్లు చదివి పెట్టాడు. "తాతా, 412. టిక్కు పెట్టు." ఇదే పాట. మధ్యలో ఒక ఓటరు విషయంలో ఇద్దరూ గట్టిగా వాదించుకున్నారు కూడా. అది తేలాక మళ్లీ "తాతా, 413". సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారాల మీద సంతకాలు పెట్టి, కాపీలు మడిచి జేబుల్లో పెట్టుకుని, ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లిపోయారు.

ఆ కుర్రాడు పెద్దమనసు చూపిద్దామని చేసినట్టు నాకు అనిపించలేదు. ఇద్దరి ముందూ ఒకే లిస్టు ఉంది. లెక్క తప్పితే ఇద్దరికీ నష్టమే.

అందుకే నా సలహా: అప్పగింత సరిగ్గా చేయండి. తాళాలు ఎన్ని, రిజిస్టర్లు ఎన్ని, చెక్కు బుక్కులో ఆఖరి చెక్కు నంబరు ఎంత, బ్యాంకులో ఎంత, చేతిలో ఎంత, అన్నీ రెండు కాపీలు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒకటి ఆయనకే ఇవ్వండి. ఇది మీకంటే ఆయనకే ఎక్కువ అవసరం. రేపు ఎవరైనా నోరు జారితే చూపించడానికి ఆయన చేతిలో కాగితం ఉంటుంది. మీది సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరైన సంఘమైతే కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి, అదీ చూసుకోండి.

ఇంకోటి. మీరు టపాసుల గురించి, బెలూన్ గురించి బాధపడుతున్నారు గానీ, ఆయన్ని కోసింది అవి కావు. ట్యాంకర్ల మాట. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి మచ్చ లేకుండా బయటికొచ్చిన మనిషిని గ్రూపులో డబ్బు గురించి అడిగారు. అది తేలకుండా మీరు ఎన్ని గిన్నెలు పంపినా ఖాళీగానే వస్తాయి.


సాగర్‌నగర్ పాఠకుడు:

విశాఖలో ఉంటూ ఓడినవాళ్లని వెక్కిరించేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. 2019లో మన లోక్‌సభ సీటులో శ్రీభరత్ 4,414 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2024లో అదే సీటులో అదే మనిషి 5,04,247 మెజారిటీతో గెలిచారు. గాజువాకలో 2019లో ఓడిన పవన్ కళ్యాణ్ అయిదేళ్లకి ఉప ముఖ్యమంత్రి. అసెంబ్లీలో వైసీపీకి 151 సీట్ల నుంచి 11, టీడీపీకి 23 నుంచి 135. రెండు ఫలితాల రోజులూ మా వీధిలో టపాసులు పేలాయి, కాల్చిన ఇళ్లు మాత్రం వేరు. ఊడ్చింది రెండుసార్లూ ఒకే పారిశుధ్య కార్మికురాలు, పాపం.

వాజ్‌పేయి 1984లో గ్వాలియర్‌లో ఓడిపోయారు. పదేళ్ల తర్వాత, 1994లో, జెనీవాలో కశ్మీర్ విషయం వచ్చినప్పుడు మన పీవీ ప్రధానిగా ఉండి, ప్రతిపక్షంలో ఉన్న ఆ వాజ్‌పేయినే భారత బృందానికి నాయకుడిగా పంపారు. శాలువా కప్పలేదు, బరువైన పని అప్పజెప్పారు. పైన పెద్దాయన చెప్పింది కూడా ఇదే కదా.


సీతమ్మధార ఓడినవాడు:

అందరూ గెలిచినవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా కాలనీ సంఘం ఎన్నికల్లో ఓడిన ప్యానెల్ నాది. అవతలి వైపు నుంచి కొన్ని మాటలు.

ఓడిన మర్నాడు అందరికంటే విసుగు పుట్టించే మాట "మనమంతా ఒకటే కుటుంబం". నిన్నటిదాకా మా ప్యానెల్‌ని అభివృద్ధి నిరోధకులన్నారు, ఇవాళ కుటుంబం అయిపోయామా? కుటుంబం అంటే ఇక ప్రశ్నలు అడక్కండి అని అర్థం. మా దగ్గర అదే జరిగింది. కొత్త కమిటీ చాలా మర్యాదగా వచ్చింది, మాడుగుల హల్వా పట్టుకొచ్చింది, కాఫీ తాగింది, వెళ్లాక గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా మార్చేసింది. హల్వా బాగుంది, కాదనను.

కొమ్మాది మేడమ్ గారూ, మీకు పడ్డవి 31. అవతలికి పడ్డవి 27. ఆ 27 ఫ్లాట్లవాళ్లు బాబాయ్ గారి మీద ప్రేమతోనే వేశారనుకోకండి. కొందరికి మీ పద్ధతి నచ్చి ఉండదు, కొందరికి నెలవారీ మెయింటెనెన్స్ పెంచుతారేమోనని భయం. వాళ్ల ప్రశ్నలు అలాగే ఉన్నాయి. బాబాయ్ గారిని ప్రసన్నం చేసుకుంటే అవి తీరవు. ఆయన మీతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు. జనరల్ బాడీలో లేచి నిలబడి మిమ్మల్ని లెక్క అడిగే వీలు మాత్రం ఉండాలి. అడిగితే "ఇంకా ఓటమి జీర్ణం కాలేదు" అనే మాట మీవాళ్ల నోట రాకుండా చూసుకోండి. మా దగ్గర ఏం అడిగినా అదే జవాబు.

ఇంకా, ఆయన మెట్లెక్కి వెళ్తే వెళ్లనివ్వండి. మనిషికి అలగడానికి నాలుగు రోజులు టైమివ్వాలి. వెంటపడి బతిమాలితే అలక తీరినట్టు నటించాల్సిన బాధ ఒకటి అదనం.


రిటైర్డ్ కోక్ ఓవెన్:

సీతమ్మధార తమ్ముడూ, నువ్వన్నది ఒప్పుకుంటాను. మా యూనియన్‌లో కూడా గెలిచాక బాగా పనిచేసిన వాళ్లెవరంటే, ఓడిన యూనియన్ మనిషి క్వార్టర్ కాగితాలు పట్టుకొస్తే "నువ్వు ఎవరికి వేశావు" అని అడక్కుండా ఆఫీసుకి పట్టుకెళ్లినవాళ్లు. అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లు మళ్లీ గెలవలేదు.

కానీ అలక గురించి ఒక్క మాట. ఊళ్లో మా అమ్మ అనేది, "అలిగినోడి దగ్గరికి ఊరికే ఎల్లకు, పనుండి ఎల్లు" అని. బతిమాలడం వేరు, అవసరం పడి అడగడం వేరు. అడిగితే ఆయన గౌరవం పెరుగుతుంది గానీ తగ్గదు.


మురీ మిక్స్చర్ బండి ఫ్యాన్:

నాదొక చిన్న సందేహం. ట్యాంకర్ల మెసేజ్ పెట్టిన ఆ ప్యానెల్ ఆయన ఇప్పుడు ఏ పోస్టులో ఉన్నారు? ట్రెజరర్ అయితే మాత్రం మీ పని అయిపోయింది.


కొమ్మాది సెక్రటరీ:

ఆయన ట్రెజరరే. 😀

జరిగింది చెబుతాను. ప్రెసిడెంటు గారికి శాలువా వద్దని చెప్పాను. మొహం మాడ్చుకున్నారు. ఆల్రెడీ కొనేశారట, పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి మరీ.

నిన్న సాయంత్రం పుస్తకం పట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. పిన్ని గారు తలుపు తీసి పక్కకి జరిగారు, "రా" అనలేదు. బాబాయ్ గారు టీవీ చూస్తూనే "తాళాలు ఆ టేబుల్ మీద పెట్టాను, తీసుకెళ్లు" అన్నారు. తీసుకోలేదు. "బాబాయ్ గారూ, రెండో మోటారు నిన్న అరగంట తిరిగినా పైకి నీళ్లు ఎక్కలేదు, ఎందుకంటారు?" అని అడిగాను. నిజంగానే ఎక్కలేదు, నేనేమీ కల్పించలేదు. ఆయన టీవీ సౌండు తగ్గించారు. "అరగంటా? ఉత్తినే తిప్పారా? ఎవడు వేశాడు?" అని నా మీద విరుచుకుపడ్డారు. దాని ఫుట్ వాల్వ్ కారుతోందట. రాత్రికి పైపులో నీళ్లు సంప్‌లోకి దిగిపోతాయి, పొద్దున ముందు బకెట్ నీళ్లు పోసి ఆన్ చేయాలి, లేకపోతే గాలి పట్టి మోటారు ఉత్తినే తిరిగి కాలిపోతుంది. వాచ్‌మన్‌కి తెలుసు గానీ తొందరలో మర్చిపోతాడు, అందుకే రోజూ అయిదింటికి ఆయనే దిగేవారట. ఆరేళ్లు. మాలో ఎవరికీ ఆ సంగతే తెలీదు. చెప్పులు వేసుకుని నాతో కిందికి వచ్చి, నీళ్లు పోయించి, నీళ్లెక్కిన శబ్దం వినేదాకా నిలబడ్డారు. లిఫ్ట్‌లోనే పైకొచ్చాం. మాట్లాడింది మోటారు గురించే.

టీచర్ గారు చెప్పినట్టు రెండు కాపీలు రాసుకున్నాం. సంతకం పెట్టే ముందు ఆయన ఒక షరతు పెట్టారు. "ట్యాంకర్ల మాట రాసినవాణ్ణి కూర్చోబెట్టు, వాడే లెక్క చూడాలి." ఇవాళ పొద్దున మా ట్రెజరర్ గారిని తీసుకెళ్లాను. రాననీ, ఆఫీసు పనుందనీ అన్నారు. "మీరు రాకపోతే అప్పగింత ఆగిపోతుంది" అంటే వచ్చారు. నోటు పుస్తకంలో ప్రతి ట్యాంకరుకీ తేదీ, బండి నంబరు, డ్రైవర్ సంతకం ఉన్నాయి. ఒకచోట ట్రెజరర్ గారు తేడా పట్టుకున్నారు. బాబాయ్ గారు పేజీ తిప్పి చూపిస్తే అది అంతకు ముందు నెల బాకీ. రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత ట్రెజరర్ గారు గ్రూపులో ఆ పాత మెసేజ్ కిందే రాశారు: "ట్యాంకర్ల లెక్క మొత్తం చూశాను. సరిపోయింది." ఇంకో రెండు ముక్కలు రాయొచ్చు కదా అనిపించింది, బలవంతం చేయలేదు.

కమిటీలో సలహాదారుగా ఉండమని అడిగితే "అదేం అక్కర్లేదు, జనరల్ బాడీకి వస్తా, ప్రశ్నలు ఉన్నాయి" అన్నారు. సీతమ్మధార గారూ, మీరన్నట్టే. నెలనెలా లెక్క బోర్డులో పెట్టకపోతే ముందు అడిగేది ఆయనే అనుకుంటాను.

పిన్ని గారు ఇంకా మాట్లాడటం లేదు. ఆవిడకి బెలూన్ వీడియో ఇంకా గుర్తుంది.


సీతమ్మధార ఓడినవాడు:

బాగుంది. ఒక్క పని మిగిలింది. ఆ బ్యాలెట్ పేపర్లు పారేయకండి. కవరులో పెట్టి, అంటించి, పైన రెండు ప్యానెళ్ల వాళ్ల సంతకాలు తీసుకుని వచ్చే ఎన్నికల దాకా దాచండి. మా దగ్గర లెక్కింపు అయిన రాత్రే చింపేశారు. మొత్తం ఎన్ని పోలయ్యాయో ఇప్పటికీ ఎవరి లెక్క వాళ్లదే.